సెలవులిచ్చేశారు, పిల్లల్ని ఎక్కడ ఆడనిస్తారు?

(వేసవి సెలవులకు ముందు కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రధానోపాధ్యాయులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన డాక్టరుగారికి, తల్లులకు, తండ్రులకు, మనవల కోసం ఓపిక చేసుకుని వచ్చిన తాతయ్యలకు, మామ్మలకు నమస్కారం.

రేపటి నుంచి పిల్లలకు సెలవులు. దాళ్వా కోతలు అయిపోయాయి, చేలు ఖాళీగా ఉన్నాయి. కాలువలకు నీళ్లు కట్టేశారు. ఈ నెలన్నర మన పిల్లలకు దొరికే ఆటస్థలం పట్నం పిల్లలకు డబ్బు పోసినా దొరకదు. అయినా మీలో చాలామంది ఇప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. బయట ఎండ, పక్కన కాలువ, చేలో పాము, రోడ్డు మీద లారీ. అందుకని ఫోను చేతికిచ్చి గదిలో కూర్చోబెడితే సాయంత్రానికి పిల్లవాడు క్షేమంగా ఉంటాడని మీ లెక్క. ఆ భయాలు ఉత్తవి కావు. ఈ రోజు నా మాటల్లో ఎక్కువ భాగం వాటి గురించే. గదిలో కూర్చోబెట్టడమే క్షేమం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా, ఊపిరి వేగం పెరిగేలా ఆడాలి. అందులో వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పని ఉండాలి. 2016 నాటి లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక లేదని తేలింది. అంటే ఐదుగురిలో నలుగురు కూర్చునే ఉన్నారు.

గంట అనగానే కంగారు పడకండి. ఒకేసారి గంట అక్కర్లేదు. బడికి సైకిలు తొక్కడం, విరామంలో పరుగెత్తడం, సాయంత్రం ఆడటం, అన్నీ కలిపితే గంట అయినా చాలు. ఎంత గట్టిగా ఆడాలో చూసుకోవడానికి యంత్రమేమీ అవసరం లేదు. ఆడుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతటి ఆయాసం వస్తే సరిపోతుంది. మధ్య మధ్య మాట కూడా రానంత జోరు కొద్దిసేపు ఉంటే ఇంకా మంచిది.

ఎముకల బలం అంటే ఇనుప సామాను ఎత్తడం అనుకుంటారు. తొక్కుడుబిళ్ళ చూడండి. ఆడపిల్ల ఒంటికాలి మీద గడి గడికీ గెంతుతుంది. గెంతినప్పుడల్లా శరీరం బరువంతా ఆ ఒక్క కాలి ఎముక మీద పడుతుంది. ఆ తాకిడికి ఎముక గట్టిపడుతుంది. తాడు గెంతడం, ఏడు పెంకులాటలో ఒక్కసారిగా పరుగందుకోవడం, చెడుగుడులో పట్టు విడిపించుకోవడం కూడా అలాంటివే. ఎముకల్లో చేరగల సరుకులో దాదాపు 90 శాతం 20 ఏళ్ల లోపే చేరిపోతుంది. ముందు వరుసలో మామ్మలు నవ్వుతున్నారు. అమ్మా, మీరు తొక్కుడుబిళ్ళ ఆడారు కాబట్టే ఇక్కడిదాకా నడిచి వచ్చారు. (నవ్వులు) మీ మనవరాలి సంగతేమిటో ఇంటికి వెళ్లి కనుక్కోండి.

కళ్లద్దాల మాట కూడా ఒకటి చెప్పి ముందుకు వెళతాను. చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడు అదనంగా పెట్టారు. మూడేళ్ల తరువాత చూస్తే ఆ బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపం, వచ్చిన పిల్లలు సుమారు 30 శాతం, మిగతా బడుల్లో సుమారు 40 శాతం. వెలుతురులో తిరగడానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఎండ. మన డెల్టా ఎండ మిగతా ఎండల లాంటిది కాదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ గాలి నిండా తేమే కాబట్టి చెమట ఆరదు, కారిపోతుంది. చొక్కా పిండితే నీళ్లు వస్తున్నాయంటే ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోయిందని తెలుసుకోవాలి. కాబట్టి ఎండ ఎన్ని డిగ్రీలని మాత్రమే చూడకండి, ఉక్క ఎంతుందో కూడా చూడండి. ఉదయం ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఐదు దాటాక ఆడనివ్వండి. రోహిణి కార్తెలో ఆ వేళల్లో కూడా ఆట తగ్గించాల్సిందే.

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. నెలంతా ఏసీ గదిలో ఉండి, జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజే మైదానంలో పదిసార్లు చుట్టి రమ్మంటే పిల్లవాడు పడిపోతాడు. ఇది నా తరువాత విజిల్ పట్టుకున్న మాస్టార్లకు కూడా చెబుతున్నాను. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఆట ఆపి నీళ్లు తాగించాలి. మామూలు ఆటకు మంచినీళ్లే చాలు. చాలాసేపు చెమటోడిస్తే ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరి బొండం ఉండనే ఉన్నాయి. రంగురంగుల డబ్బాల్లో అమ్మే ఎనర్జీ డ్రింకుల్లో కెఫీన్ ఉంటుంది, అది పిల్లలకు ఇవ్వదగినది కాదు. కోనసీమలో పుట్టి బొండం మానేసి డబ్బా తాగేవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు.

తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, పిక్కలు పట్టేయడం కనిపిస్తే ఆట ఆపి నీడకు చేర్చండి. పిల్లవాడు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ. బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. 108కి ఫోను చేయిస్తూనే బోరు కింద కూర్చోబెట్టి నీళ్లు గుమ్మరించండి, తడిగుడ్డ కప్పి విసరండి. ముందు చల్లబరచాలి, తరువాతే తరలించాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

చేలోకి వెళదాం. కోతలయ్యాక మన చేను క్రికెట్ మైదానం అవుతుంది. వరి కొయ్యలు ఒక బాధ, నెర్రెలు ఇంకో బాధ. ఏప్రిల్ చివరికి ఆ నెర్రెల్లో పిల్లల పాదం సగం దిగిపోతుంది. క్యాచ్ కోసం పైకి చూస్తూ వెనక్కి పరుగెత్తేవాడి మడమ అందులో పడితే చీలమండ మడత పడుతుంది. ఆడే ముందు పెద్దవాళ్లు ఇద్దరు పలుగూ పారా తీసుకుని పిచ్ చుట్టూ ఉన్న నెర్రెలను మట్టితో పూడ్చండి. అరపూట పని. చెప్పులతో ఆడనివ్వకండి, వెనక పట్టీ ఉన్న బూట్లు ఖరీదైనవి కాకపోయినా పరవాలేదు.

చీలమండ బెణికితే మనవాళ్లు చేసే మొదటి పని బామ్ పూసి గట్టిగా తోమడం. అది వద్దు. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి, కాలు ఎత్తులో ఉంచండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. నాటు కట్టు విషయంలో ఎవరి నమ్మకం వారిది, నేను వాదించను. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టిన తరువాత పిల్లవాడి వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా, రేపు చూద్దామనకండి. రక్తం అందడం లేదని అర్థం. ఆ రాత్రే కట్టు విప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైతే చేయో కాలో దక్కదు.

బంతి గడ్డిమేటు వెనకో పొదలోనో పడితే చేయి పెట్టకుండా కర్రతో కదిపి తీయాలి. మసక చీకటి పడ్డాక బంతి వెతకడం మానేయాలి, ఇరవై రూపాయల బంతి పోతే పోయింది. పాము కరిస్తే తాడు కట్టకండి, కోయకండి, పరుగెత్తించకండి. కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి. ఈదురుగాలి వాన వచ్చే సాయంత్రాల్లో ఉరుము వినబడిందంటే పిడుగు అందేంత దూరంలో ఉన్నారనే లెక్క. కొబ్బరిచెట్టు కింద నిలబడకుండా స్లాబు ఇంట్లోకి పరుగెత్తాలి. చివరి ఉరుము తరువాత అరగంట గడిచాకే మళ్లీ చేలోకి రావాలి.

తలకు బంతి తగిలినా, తలలు రెండూ ఢీకొన్నా ఆ రోజుకు ఆ పిల్లవాడి ఆట అయిపోయినట్టే. బాగానే ఉన్నానని వాడు ఎంత మొరపెట్టుకున్నా సరే. వాంతి, మగత, చెప్పిందే చెప్పడం కనిపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇక్కడిదాకా ఆడని పిల్లల గురించి. మరీ ఎక్కువ ఆడే పిల్లల గురించీ చెప్పాలి, ఎందుకంటే ఆ జబ్బు మన దగ్గర కొత్తగా మొదలైంది. మన అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో బంగారు పతకం తెచ్చాడు. ఆ క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే మొదటి బంగారం. అదే ఏడాది అతని స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లుగా గిన్నిస్ రికార్డులకెక్కింది. మనందరికీ గర్వకారణం. దాని ఫలితంగా ఆరేళ్ల పిల్లలను తెల్లవారుజామున కోర్టుకు, అక్కడి నుంచి బడికి, సాయంత్రం మళ్లీ కోర్టుకు తిప్పుతున్న తండ్రులు ఉన్నారు. పిల్లవాడు ఏడుస్తుంటే ఛాంపియన్లు ఏడవరని చెబుతున్నారు.

ఎదిగే పిల్లల ఎముక చివర మెత్తటి భాగం ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. కొబ్బరి మొక్కకు మొవ్వు ఎలాగో ఎముకకు అది అలాగ. మొవ్వు దెబ్బతింటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఆడపిల్లల్లో సుమారు పద్నాలుగు, పదహారేళ్ల వరకు, మగపిల్లల్లో పదహారు, పద్దెనిమిదేళ్ల వరకు ఆ భాగం గట్టిపడదు. రోజూ అదే భుజం, అదే మోకాలు, అదే నడుము మీద అదే దెబ్బ పడుతూ ఉంటే ముందు దెబ్బతినేది అదే. పది, పదిహేనేళ్ల పిల్లలు మోకాలి చిప్ప కింద బుడిపె దగ్గర నొప్పి అంటారు. ఎనిమిది నుంచి పద్నాలుగు మధ్య వాళ్లు మడమ నొప్పి అంటారు. ఎదుగుదల నొప్పులేలే అని తోసిపారేస్తాం. వేలితో నొక్కి చూడండి. ఒక్కచోటే నొప్పి ఉండి, ఆడితే పెరిగి, మానితే తగ్గుతుంటే అది అతిగా ఆడటం వల్ల వచ్చిందే. ఫాస్ట్ బౌలింగ్ వేసే కుర్రవాడికి వారాల తరబడి నడుము నొప్పి ఉంటే వెన్నెముకలో సన్నని పగులు ఉందేమో చూపించాలి.

క్రీడా వైద్యులు చెప్పే లెక్క తేలిక. పిల్లవాడి వయసు ఎంతో వారానికి అన్ని గంటలకు మించి శిక్షణ ఇవ్వకూడదు. పదేళ్ల వాడికి పది గంటలు. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు. ఏడాదిలో మొత్తం రెండు మూడు నెలలు ఆ ఆటకు విరామమిచ్చి వేరే ఆట ఆడనివ్వాలి. పదిహేను, పదహారేళ్లు వచ్చేదాకా ఒక్క ఆటకే కట్టిపడేయనక్కర్లేదు. ఈ లెక్క చెబితే కోచింగ్ సెంటర్ల వారికి నా మీద కోపం వస్తుంది. రానివ్వండి.

మా వృత్తి మీద కూడా ఒక మాట. ఆలస్యంగా వచ్చాడని ఎండలో చుట్లు కొట్టించడం, లెక్క తప్పాడని వంద గుంజీలు తీయించడం ఇప్పటికీ జరుగుతోంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించింది. అదే చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని కూడా అంటోంది. చట్టం సంగతి అటుంచినా, పరుగును శిక్షగా వేస్తే పిల్లవాడు జన్మలో ఇష్టంగా పరుగెత్తడు.

ఆడపిల్లల దగ్గరకు వస్తాను. ఏడో తరగతి వరకు ఖోఖోలో మగపిల్లలను మించి మెరుపులా తిరిగిన పిల్ల తొమ్మిదిలోకి రాగానే గోడ పక్కన కూర్చుని పుస్తకాలకు కాపలా కాస్తుంది. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. కారణాలు మనకు తెలియనివా? మైదానం దగ్గర మరుగుదొడ్డి లేదు, బట్టలు మార్చుకునే చోటు లేదు, గేటు దగ్గర కుర్రాళ్లు నిలబడతారు, ఇంట్లో మామ్మ ఒప్పుకోదు. నెలసరి రోజుల్లో ఆడితే హాని ఏమీ లేదు. చాలామందికి ఆడితేనే నొప్పి తగ్గుతుంది. ఓపిక లేని రోజున మానుకుంటే అది ఆమె ఇష్టం.

ఇంకో సంగతి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రెండు చుట్లకే ఆయాసపడే పిల్లను బద్ధకస్తురాలని తిట్టకుండా ముందు రక్తపరీక్ష చేయించండి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కిటికీలోంచి బయటికి వెళుతోందని నాకు తెలుసు, ఆ కిటికీ వెనక ఏముందో నేను చూశాను. అన్నం తిన్నాక వేయించండి, దానితో పాటు టీ తాగనివ్వకండి. నులిపురుగుల మాత్ర కూడా వేయించండి. సైకిలు తొక్కే ఆడపిల్లలు చున్నీని నడుముకు ముడి వేసుకోవాలి, అది చక్రంలో పడితే మెడకే ఉరి.

(ఒక తండ్రి లేచి: మాస్టారూ, మావాడు పదో తరగతి రాశాడండి. జిమ్‌కు వెళతానంటున్నాడు. బరువులు ఎత్తితే ఎత్తు పెరగడం ఆగిపోతుందంటారు, నిజమేనా అండి?)

నిజం కాదండి. పక్కన తెలిసినవాడు ఉండి సరిగ్గా నేర్పితే పిల్లలు కూడా బరువులతో వ్యాయామం చేయవచ్చు. ముందు దండాలు, బైఠకులు, కడ్డీ పట్టుకుని పైకి లేవడం లాంటివి తన ఒంటి బరువుతోనే చేయాలి. తరువాత పది, పదిహేనుసార్లు వంకర పోకుండా ఎత్తగలిగినంత చిన్న బరువు. నేను ఇంత ఎత్తానని వీడియో తీసుకోవడానికి పెద్ద బరువు ఎత్తడం ఎదుగుదల పూర్తయ్యేదాకా వద్దు. జిమ్ వాడు ప్రోటీన్ పొడి డబ్బా అమ్మజూపితే దండం పెట్టి రమ్మనండి. చుట్టూ చేపల చెరువులు పెట్టుకుని, ఇంట్లో పప్పూ గుడ్డూ పెట్టుకుని పొడి కొనడమేమిటి? ఇంజెక్షన్ మాట ఎత్తితే ఆ జిమ్ మాన్పించండి. కండ పెంచే స్టెరాయిడ్లు ఎముక చివరి ఆ మెత్తటి భాగాన్ని ముందే మూసేస్తాయి. మీరు భయపడుతున్న ఎత్తు ఆగిపోవడం జరిగేది బరువుల వల్ల కాదు, వాటి వల్ల.

ఉబ్బసం ఉన్న పిల్లలను కూర్చోబెట్టేయకండి. మందు సరిగ్గా వాడుతూ, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వాళ్లూ ఆడవచ్చు. గడ్డి దుమ్ము లేచే చోటు మాత్రం వద్దు. ఆడుతూ ఆడుతూ గుండెలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, లేదా మీ వంశంలో ఎవరైనా యాభై లోపు హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఆ పిల్లవాడిని గుండె డాక్టరుకు చూపించి తరువాతే ఆటకు పంపండి.

నీటి గురించి చివరికి ఉంచాను, ఎందుకంటే నా తరువాత డాక్టరుగారు చేసేది దానికి సంబంధించిన పనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మనం నీటి మధ్యనే పుట్టి నీటి మధ్యనే పెరుగుతున్నాం. ఇంటి ముందు పంట కాలువ, వెనక మురుగు కాలువ, పక్కన చెరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2021లో నీట మునిగి చనిపోయినవారు సుమారు మూడు లక్షల మంది. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పాలని ఆ సంస్థే చెబుతోంది. కాలువ గట్టున పుట్టిన పిల్లవాడికి ఈత సరదా కాదు, అన్నప్రాశన లాగా జరగాల్సిన తంతు. మన తాతలు ఎండు కొబ్బరికాయల జత నడుముకు కట్టి నేర్పారు, ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలు కడుతున్నారు. ఏది కట్టినా జారిపోవచ్చు. అందుకే నేర్పే మనిషి చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు.

ఈ వేసవిలో ప్రత్యేకంగా గమనించాల్సింది ఒకటుంది. కాలువ కట్టేసినప్పుడు పిల్లలు అడుగునే ఆడుకుంటారు, పరవాలేదు. అదే సమయంలో పూడిక తీస్తారు, మట్టి తవ్వుతారు. జూన్‌లో నీళ్లు వదిలాక నిరుడు మోకాలి లోతు ఉన్న రేవులో ఈసారి నిలువు లోతు గొయ్యి ఉండవచ్చు. పైకి కనబడదు, కొత్తనీరు మట్టి రంగులో ఉంటుంది. నీళ్లు రాకముందే మీ వీధి రేవుకు పిల్లలను తీసుకెళ్లి ఎక్కడ తవ్వారో చూపించండి. అక్కడ గట్టు మీద ఒక గెడ పాతండి. పంచాయతీ చేస్తుందని చూడకండి. లాకుల దగ్గర, తూముల దగ్గర ఎంతటి ఈతగాడైనా దిగకూడదు. అక్కడ నీరు లోపలికి లాగుతుంది. వంతెన మీద నుంచి తలకిందులుగా దూకితే మెడ విరుగుతుంది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు తీగలు ఉంటాయి కాబట్టి ఆ గట్లు ఎక్కనివ్వకండి.

ఒకణ్ణి కాపాడబోయి ఇద్దరు ముగ్గురు మునిగిపోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. మునిగేవాడు అందినదాన్ని వాటేసుకుంటాడు. పిల్లలకు గట్టిగా నేర్పండి: స్నేహితుడు మునుగుతుంటే నువ్వు దిగకు, కేక వేయి. మామిడికాయలు కోసే దోటి ఏ ఇంట్లోనైనా ఉంటుంది, గట్టు మీద పడుకుని అది అందించు. అందకపోతే తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసురు.

పైకి తీసిన తరువాత కాళ్లు పట్టుకుని గిర్రున తిప్పకూడదు, పొట్ట నొక్కకూడదు. కడుపులో నీళ్లు కక్కించడం కోసం పోగొట్టే ఆ రెండు నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. ఊపిరి ఆడకపోతే ముందు ఐదుసార్లు నోటితో గాలి ఊదాలి, తరువాత ముప్పైసార్లు ఛాతీ నొక్కి రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. నోటితో చెబితే ఇది రాదు, చేత్తో చేస్తేనే వస్తుంది. డాక్టరుగారు బొమ్మ తెచ్చారు. ఎంత లోతుకు నొక్కాలో ఆయన చూపిస్తారు, తరువాత మీరొక్కొక్కరే వచ్చి నొక్కాలి. ముందు వరుసలో వాళ్లు బల్లలు కాస్త వెనక్కి జరపండి. తల్లులు ముందు రండమ్మా, ఇంటి దగ్గర ఉండేది మీరే. డాక్టరుగారూ, మైకు తీసుకోండి.